రోగానికి వేసే మందు, భయానికి వేసే మందు

కొత్త బ్యాచ్ పిల్లలు షెడ్డులో దిగిన రోజే నీళ్ల ట్యాంకులో యాంటీబయాటిక్ కలిపేయడం చాలా కోళ్ల ఫారాల్లో ఆనవాయితీ. రెండు రోజులు ముసురు పట్టిందంటే మళ్లీ ఒక కోర్సు. పక్క ఊళ్లో కోళ్లు పోతున్నాయని కబురొస్తే ఇంకో కోర్సు. రొయ్యల చెరువులో చెక్‌ట్రేలో మేత మిగిలిందంటే మందు, గేదె పొదుగు కాస్త గట్టిపడిందంటే ట్యూబు. ఏ రోగానికి వేస్తున్నారని అడిగితే, "రోగం ఏమీ లేదండీ, ముందు జాగ్రత్తకు" అంటారు. ఈ అధ్యాయమంతా ఆ జవాబు గురించే. రోగానికి వేసే మందు ఒకటి, భయానికి వేసే మందు ఒకటి. రెండూ ఒకే సీసాలోంచి వస్తాయి కాబట్టి వాటి తేడా మనకు కనిపించదు. రోగమొచ్చిన జంతువుకు మందు మానెయ్యమని నేను చెప్పడం లేదు. అది దయలేని పని, నష్టం తెచ్చే పని. భయానికి వేసే మందును మాత్రం మానవచ్చు. మానితే వచ్చే నష్టం మనం ఊహించుకునేదాని కంటే చాలా తక్కువ. మేలు మాత్రం ఫారం పక్కన కాపురముండే మన పిల్లల ఒంటి నుంచే మొదలవుతుంది. ఈ మాట అనడానికి నా దగ్గరున్న ఆధారాలు ఇవి.

ఈ అలవాటు పుట్టిన చోటికి తెలుగువాళ్లతో సంబంధం ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాల ఉండేది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి. ఆయన ఆధ్వర్యంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ ఏడాది చివర్లో అదే సంస్థలో థామస్ జ్యూక్స్ అనే శాస్త్రవేత్త, ఆరియోమైసిన్ తయారు చేయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లల దాణాలో కలిపి చూశారు. ఆయన ఆశించింది అందులో ఉండే బి12 విటమిన్‌ను. పిల్లలు ఆయన లెక్కకు మించి బరువు పెరిగాయి. ఆ అదనపు బరువు విటమిన్ వల్ల కాదని, పిప్పిలో మిగిలిపోయిన యాంటీబయాటిక్ వల్లనని తర్వాత తేలింది. 1950లో సంగతి బయటికి పొక్కింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే, జబ్బు లేని జంతువుకు రోజూ కాస్త కాస్త యాంటీబయాటిక్ పెట్టడం దేశాలు దాటి పాకింది. ప్రాణం నిలబెట్టడానికి పుట్టిన మందు దాణాలో ఒక దినుసైపోయింది. ఇవాళ అదే భీమవరం చుట్టూ పండే రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలున్నాయేమోనని ఎగుమతికి ముందే ల్యాబుల్లో చూడాల్సి వస్తోంది. 2016లో యూరప్ దేశాలు మన దేశపు రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచేశాయి. సుబ్బారావు గారు జీవితమంతా ధారపోసింది ఇందుకోసం కాదన్న బాధ నాకుంది.

కాస్తంత మందుతో ముంచుకొచ్చే ప్రమాదమేమిటని చాలామంది అడుగుతారు. నిజానికి చిక్కంతా ఆ కాస్తంతతోనే. ఏటా ఒకే కలుపు మందు చల్లిన చేలో చివరికి ఆ మందుకు చావని గడ్డే మిగిలి, దాని విత్తనమే చేనంతా పరుచుకున్నట్టు, రోజూ యాంటీబయాటిక్ తగిలే పేగులో దానికి చావని బ్యాక్టీరియాయే మిగిలి పెరుగుతుంది. ఇది ఊహ కాదని 1976లో స్టూవర్ట్ లెవీ అనే అమెరికా శాస్త్రవేత్త చూపించారు. బోస్టన్ దగ్గర ఒక కుటుంబం నడిపే చిన్న ఫారంలో కొన్ని కోళ్లకు టెట్రాసైక్లిన్ కలిపిన మేత, కొన్నింటికి మామూలు మేత పెట్టారు. కోళ్లతో పాటు ఆ ఇంటివాళ్ల మలాన్నీ, చుట్టుపక్కల ఇళ్లవాళ్ల మలాన్నీ వారం వారం పరీక్షించారు. వారం తిరిగేసరికి మందు మేత తిన్న కోళ్ల పేగుల్లో దాదాపు అంతా టెట్రాసైక్లిన్‌కు లొంగని బ్యాక్టీరియాయే. అయిదారు నెలలకు ఫారంలో ఉండేవాళ్ల నమూనాల్లో 31.3 శాతం దాకా అదే పరిస్థితికి వచ్చాయి. వాటిలోని బ్యాక్టీరియాలో నూటికి ఎనభైకి పైగా ఆ మందుకు లొంగలేదు. ఇరుగుపొరుగువాళ్ల నమూనాల్లో అలాంటివి 6.8 శాతమే. ఆ ఇంట్లో వాళ్లెవరూ టెట్రాసైక్లిన్ మింగలేదు. కోళ్లకు మేత వేశారు, నీళ్లు పెట్టారు, షెడ్డు ఊడ్చారు, అంతే. పైగా కోళ్లకు పెట్టింది ఒక్క మందే అయినా, వాటిలో పెరిగిన బ్యాక్టీరియా ఇంకొన్ని మందులకూ లొంగకుండా తయారైంది. మేతలో మందు ఆపేసిన ఆరు నెలలకు పరీక్షించిన పదిమందిలో ఎనిమిదిమందిలో ఆ మొండి బ్యాక్టీరియా జాడ కనపడలేదు. ఈ చివరి ఫలితాన్ని గుర్తుపెట్టుకోండి. మన చేతిలో ఏముందన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

ఒక మందు వాడితే వేరే మందులు ఎందుకు పనిచేయకుండా పోతాయి? బ్యాక్టీరియాలో ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయాలుంటాయి. మందును తట్టుకునే జన్యువులు చాలావరకు వీటి మీదే ఉంటాయి, ఒక్కో వలయం మీద మూడు నాలుగు మందులకు చెందినవి కూడా ఉండొచ్చు. ఒక బ్యాక్టీరియా పక్కనున్న బ్యాక్టీరియాకు ఈ వలయాన్ని నకలు తీసి ఇచ్చేస్తుంది. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకే జాతికి చెందినవై ఉండక్కర్లేదు. కోడి పేగులో అపాయం లేకుండా బతికే ఒక ఈ-కొలై, మనిషి పేగులోకి చేరి అక్కడి న్యుమోనియా కారక క్రిమికి తన వలయాన్ని అందించగలదు. 2015 నవంబరులో చైనా నుంచి వచ్చిన వార్త వైద్య ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది అందుకే. అక్కడి పందుల్లోని ఈ-కొలైలో కోలిస్టిన్ అనే మందును తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీద కనిపించింది. కోలిస్టిన్ పాత మందు. మూత్రపిండాలను దెబ్బతీస్తుందని డాక్టర్లు దాన్ని ఒకప్పుడు పక్కన పెట్టారు. మిగతా మందులన్నీ ఓడిపోయిన ఐసీయూ రోగులకు మరో దారి లేక దాన్నే మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. సరిగ్గా ఆ మందునే పందులకూ కోళ్లకూ బరువు కోసం టన్నుల కొద్దీ మేపేవారు. మన దేశంలోనూ కోళ్ల దాణాలో అది ఉండేది. 2019 జులైలో కేంద్ర ప్రభుత్వం ఆహారానికి పెంచే జంతువుల్లో, కోళ్లలో, చేపలు రొయ్యల్లో, దాణాలో కోలిస్టిన్‌ను నిషేధించింది. ఇప్పటికీ ఎవరైనా అది ఉన్న పొడిని వేరే పేరుతో అమ్మజూపితే తీసుకోవద్దు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. జలుబుకు కూడా యాంటీబయాటిక్ రాసే డాక్టర్లు, చీటీ లేకుండా అమ్మే మందుల షాపులు, కోర్సు మధ్యలో ఆపేసే జనం ఉండగా తప్పంతా రైతు నెత్తిన రుద్దడం న్యాయమా? న్యాయం కాదు. మనుషుల్లో మందులు పనిచేయకపోవడానికి మనుషుల వైద్యంలో జరిగే దుర్వినియోగమే పెద్ద కారణం. 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమైందని అంచనా. అందులో ఎంత భాగం ఫారాల నుంచి వచ్చిందో విడదీసి చెప్పే లెక్క లేదు. కానీ వాళ్ల తప్పు పెద్దదైనంత మాత్రాన మన తప్పు తప్పు కాకుండా పోదు. ఫారం పాత్రను తేటగా చూపే ఉదాహరణ డెన్మార్క్‌లో ఉంది. అక్కడ కోళ్లకూ పందులకూ ఏవోపార్సిన్ అనే మందు మేపేవారు. మనుషులకు దాన్ని ఎన్నడూ వాడలేదు. కానీ అది ఆసుపత్రుల్లో వాడే వాంకోమైసిన్‌కు దగ్గర చుట్టం. 1995లో చూస్తే బ్రాయిలర్ కోళ్ల నుంచి తీసిన ఒక రకం ఎంటరోకాకస్ బ్యాక్టీరియాలో 72.7 శాతం వాంకోమైసిన్ లాంటి మందులకు లొంగడం లేదు. కోళ్లకు వాంకోమైసిన్ ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. ఆ ఏడే డెన్మార్క్ ఏవోపార్సిన్‌ను నిషేధించింది. 2000 నాటికి ఆ 72.7 శాతం 5.8కి దిగింది.

పందుల్లో మాత్రం అంత సులువుగా దిగలేదు. ఏవోపార్సిన్ ఆపేసి మూడేళ్లయినా మొండి బ్యాక్టీరియా అలాగే ఉంది. కారణం వెతికితే, పందులకు ఇంకా మేపుతున్న టైలోసిన్ అనే వేరే మందు బయటపడింది. రెండు మందులనూ తట్టుకునే జన్యువులు ఒకే ప్లాస్మిడ్ మీద ఉన్నాయి. టైలోసిన్ మేపినంత కాలం, దానితో పాటు రెండో జన్యువునూ మేపుతున్నట్టే. టైలోసిన్ తగ్గించాకే రెండూ తగ్గాయి. "మందు మార్చి వాడుతున్నాం కదా, ఇంకేం ప్రమాదం" అనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణను మనసు పెట్టి చదవాలి.

చైనా 2017లో దాణాలో కోలిస్టిన్‌ను ఆపేసింది. నిషేధానికి ముందు 2015-16లో అక్కడి పందుల ఈ-కొలైలో 34 శాతం కోలిస్టిన్‌కు లొంగేది కాదు. 2017-18కి అది 5.1 శాతమైంది. కోళ్లలో 18.1 నుంచి 5కి తగ్గింది. మనుషుల్లోనూ ఎంసీఆర్-1 ఉన్న బ్యాక్టీరియాను మోసేవాళ్లు తగ్గారు. ప్రతి మందు విషయంలోనూ తగ్గుదల ఇంత త్వరగా, ఇంత పూర్తిగా రాదని డెన్మార్క్ పందులే చెబుతున్నాయి. అయినా, "చేయి దాటిపోయింది, ఇప్పుడు మానితే ఏం లాభం" అనే నిరాశకు ఈ లెక్కల్లో చోటు లేదు. "నేనొక్కణ్ని మానితే ఎంత" అనే మాటకు కూడా లేదు: బోస్టన్ దగ్గర ఆ కుటుంబానికి మేలు జరగడానికి దేశమంతా మారనక్కర్లేదు, వాళ్ల షెడ్డులో మేత మారితే చాలింది.

రైతు అసలు భయం వేరే. మందు ఆపితే బ్యాచ్ పోతుందేమో, అప్పు ఎవరు తీరుస్తారు? ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు పుస్తకాలు రాసేవాళ్లకు లేదు. డెన్మార్క్‌లో కూడా నష్టమేమీ జరగలేదని చెబితే అబద్ధమవుతుంది. కోళ్ల పెంపకంలో దాదాపు తేడా రాలేదు గానీ, తల్లి పాలు మాన్పించిన పందిపిల్లల్లో పారుడు పెరిగి, కొంతకాలం చికిత్సకు వాడే మందు ఎక్కువైంది. అయితే వాళ్లు వెనక్కి మళ్లలేదు. పిల్లలను తల్లి నుంచి కాస్త ఆలస్యంగా విడదీశారు, మేత మార్చారు, కొట్టాలు ఖాళీ చేసి కడిగి ఆరబెట్టాకే కొత్త పిల్లలను దింపారు. నార్వే సాల్మన్ చేపల కథ ఇంకా స్పష్టం. 1987లో అక్కడి చేపల పెంపకంలో సుమారు 50 టన్నుల యాంటీబయాటిక్ వాడారు. తర్వాత ఒక్కో చేపపిల్లకూ టీకా వేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఏటా 15 లక్షల టన్నుల చేప పండిస్తూ, వాడే యాంటీబయాటిక్ టన్నుకు లోపే. భయం పోవడానికి అక్కడ ధైర్యవచనాలు పనిచేయలేదు. భయపెట్టే రోగాన్ని అడ్డుకునే వేరే పని దొరికింది కాబట్టి భయం పోయింది.

మన ఫారాలను ఎక్కువగా ఊడ్చిపెట్టే రోగాల పేర్లు ఒకసారి చూడండి. కోళ్లలో కొక్కెర తెగులు, గంబోరో; పశువుల్లో గాలికుంటు, లంపీ చర్మవ్యాధి; రొయ్యల్లో వైట్ స్పాట్. అన్నీ వైరస్‌లే. రొయ్యలను ఎదగనివ్వని ఈహెచ్‌పీ వైరస్ కాదు, బ్యాక్టీరియా కూడా కాదు. వీటిలో ఒక్కదాని మీద కూడా యాంటీబయాటిక్ పనిచేయదు. వైరస్ దెబ్బ తగిలాక బ్యాక్టీరియా కూడా జొరబడుతుంది, దానికోసం వేస్తున్నాం అంటారు. అలా జరుగుతుంది, నిజమే. కానీ జొరబడిందో లేదో, జొరబడినది ఏ మందుకు లొంగుతుందో తెలియకుండా వేసే మందు చీకట్లో విసిరిన రాయి. తెలుసుకునే దారి ఉంది. అప్పుడే చనిపోయిన కోడినో, శుభ్రంగా పట్టిన పొదుగు పాలనో ల్యాబుకు పంపితే అక్కడ అందులోని బ్యాక్టీరియాను గుండ్రటి గాజు పళ్లెంలో పెంచుతారు. దాని మీద ఒక్కో మందులో తడిపిన చిన్న చిన్న కాగితపు బిళ్లలు పరుస్తారు. మర్నాటికి పళ్లెమంతా బ్యాక్టీరియా తెల్లటి పొరలా కమ్ముకుంటుంది. పనిచేసే మందు బిళ్ల చుట్టూ మాత్రం ఏమీ పెరగక ఖాళీ వలయం ఏర్పడుతుంది. పనిచేయని బిళ్లను పొర అంచుల దాకా అల్లుకుపోతుంది. మీరు మూడు బ్యాచ్‌లుగా కొంటున్న ఖరీదైన మందు బిళ్ల చుట్టూ ఖాళీ లేకపోవడం కళ్లారా చూస్తే, ఇంకెవరూ మీకు ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. పశు వ్యాధి నిర్ధారణ ల్యాబుల్లో, పశువైద్య కళాశాలల్లో ఈ పరీక్ష చేస్తారు. 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్యశాల డాక్టరును అడిగితే నమూనా ఎలా పట్టాలో చెబుతారు.

కాబట్టి చేయి మందు డబ్బా మీదికి వెళ్లినప్పుడల్లా ఒక్క ప్రశ్న అలవాటు చేసుకోండి: ఇది ఏ రోగానికి? జవాబు రోగం పేరైతే డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు పూర్తిగా వేయండి. జవాబు "ఏమో, భయంగా ఉంది" అయితే, ఆ భయానికి తగిన పని వేరే ఉంటుంది. ముసురు పట్టినప్పుడు కోళ్లకు ముప్పు తడిసి గడ్డకట్టిన ఊక నుంచి వస్తుంది. షెడ్డులోకి వెళ్లగానే అమ్మోనియా ఘాటుకు మీ కళ్లే మండితే, రోజంతా అక్కడే ఉండే కోడి ఊపిరితిత్తులు ఏమవుతాయో ఆలోచించండి. ఊక తిరగేయాలి, తడి గడ్డలు తీసి పారేయాలి, పరదాలు గాలి ఆడేలా సర్దాలి, నీళ్లు కారే నిపుల్స్ మార్చాలి. గేదె పొదుగు విషయంలో, వాపు పైకి కనిపించకముందే పట్టుకోవచ్చు. కొన్ని పాలలో అంతే కొలత పలుచటి డిటర్జెంట్ నీళ్లు కలిపి తిప్పితే, లోపల వాపు మొదలైన చన్ను పాలు గడ్డగడ్డలుగా జిగురు కడతాయి. నాలుగు చన్నుల పాలూ విడివిడిగా చూడాలి. పాలు పిండాక చన్ను రంధ్రం దాదాపు అరగంట తెరుచుకునే ఉంటుంది. ఆ అరగంట గేదెను పేడలో పడుకోనివ్వకుండా ముందు మేత వేసి నిలబెడితే పొదుగు వాపులు చాలా తగ్గుతాయి. ఈ పనికి పైసా ఖర్చు లేదు, అందుకే దీన్ని అమ్మజూపడానికి ఎవరూ మీ గడప తొక్కరు.

మందు వేయక తప్పనప్పుడు జనం కలగాపులగం చేసే విషయం ఒకటుంది. పాలలో, మాంసంలో మిగిలే మందు అవశేషం వేరు. మందుకు లొంగని బ్యాక్టీరియా వేరు. డబ్బా మీద రాసిన గడువు దాకా పాలు పోయకుండా, కోళ్లు అమ్మకుండా ఆగితే మొదటిది పోతుంది. రెండోది ఆ గడువుతో పోదు. గడువు తీరకముందు పాలు కాచినా చాలా మందులు పూర్తిగా విరగవు. ఆ పాలు తోడు వేసినా సరిగా తోడుకోవు, పెరుగు చేసే బ్యాక్టీరియాను కూడా మందు చంపేస్తుంది కాబట్టి. పారబోయడానికి మనసొప్పక వాటిని దూడకు తాగిస్తే, దూడ పేగులో మొండి బ్యాక్టీరియాను మన చేతులతో పెంచినట్టే. కోళ్ల పెంటను కూడా పచ్చిగా చేల మీద చల్లడం, చేపల చెరువుల్లో వేయడం వల్ల బ్యాక్టీరియా నీళ్లలోకి దిగుతుంది. కుప్పగా పోసి, తడి చూస్తూ, తిరగేస్తూ మాగబెట్టి లోపలి వేడి కొన్ని రోజులు 55 డిగ్రీల పైన నిలిస్తే రోగకారక క్రిములు చాలావరకు చస్తాయి.

బాగా ఉడికించి తింటాం కాబట్టి మాకేం కాదనేవాళ్లది సగం నిజం. ఉడికిన కూరలో ఆ బ్యాక్టీరియా బతకదు. కూర ఉడికేలోపు అది ఎక్కడెక్కడ తిరిగిందన్నదే ప్రశ్న. పచ్చి కోడిని కొళాయి ధార కింద కడిగితే తుంపర్లు పక్కనున్న గిన్నెల మీద, కోసిపెట్టిన కొత్తిమీర మీద పడతాయి. కడగకుండా వండటమే అన్నిటికన్నా మేలు. ఉప్పూ పసుపూ వేసి కడగనిదే మనసొప్పదంటే గిన్నెలో నిలవ నీళ్లలో మెల్లగా కడిగి, ఆ నీళ్లు పారబోసి, సింకునూ కత్తినీ చేతులనూ సబ్బుతో కడుక్కోండి. ఉల్లిపాయ తరగడానికి వేరే పలక పెట్టుకోండి.

కంపెనీ పిల్లలు, కంపెనీ దాణా, కంపెనీ మందులతో కూలికి పెంచే రైతు నా మాట విని ఏం చేయగలడని ఇంకొకరు అడగొచ్చు. దాణాలో ఏం కలపాలో అతను నిర్ణయించలేడు, ఆ బాధ్యత కంపెనీది, దాన్ని చూడాల్సిన ప్రభుత్వానిది. కానీ ఇచ్చిన మందు పేరేమిటి, ఏ రోగానికి, ఎన్ని రోజులు, కోళ్లు అమ్మడానికి ఎన్ని రోజుల ముందు ఆపాలి అని సూపర్‌వైజర్‌ను అడిగి రాసుకోవడం అతని చేతిలో ఉంది. షెడ్డు తలుపు దగ్గర ఒక నోటుబుక్ వేలాడదీయండి. రోజువారీ మరణాలు, మేత, నీళ్ల వాడకం, వేసిన టీకా, మందు, దాని బ్యాచ్ నంబరు, ఎందుకు వేశారు, అన్నీ అందులో పడాలి. చాలా జబ్బుల్లో కోళ్లు చావడానికి ముందే నీళ్లు తాగడం తగ్గుతుంది, ఆ తేడా పుస్తకంలో కనిపిస్తుంది. "ఎందుకు వేశారు" అన్న గడి ఖాళీగా ఉన్న రోజులను బ్యాచ్ అయ్యాక లెక్కపెట్టి, ఆ మందుకైన ఖర్చు పక్కన వేసి చూడండి. డాక్టరుకు ఫోన్ చేసేటప్పుడు ఆ పుస్తకం చేతిలో ఉండాలి. అది లేకపోతే ఆయన కూడా ఊహించే మందు రాయాల్సి వస్తుంది.